బిందెడు రూపాయలు... మోయగలరా?

లెక్కపెట్టకుండా చిల్లర విలువ చెప్పడం ఎలా? గోదావరిలో వేసిన రూపాయిలకి నీటిమట్టం పెరుగుతుందా? పడవలోంచి నాణేల మూట జారిపోతే చెరువు ఏమవుతుంది? కాస్త సరదా, కాస్త లెక్క... మధ్యలో ఓ కుంచం ధాన్యం కథ!

ఎవరో మీ ఇంటికొచ్చి, ‘పదిహేను లీటర్ల ప్లాస్టిక్‌ బిందె నిండా రూపాయి నాణేలు పోసిస్తాం. చంకనెత్తుకుని గుమ్మం దాటితే ఆ డబ్బంతా మీదే’ అన్నారనుకోండి. ఏం చేస్తారు?

ఎగిరి గంతేసే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ బిందెలో ఎంత డబ్బుంటుంది? అసలు దాన్ని ఎత్తగలరా? ఇలా అడిగితే లక్ష ఉంటుందని కొందరూ, రెండు లక్షలని కొందరూ చెబుతారు. బరువు సంగతి ఎవరికీ తట్టదు.

జవాబు: సుమారు పదిహేను వేల రూపాయలు. బరువు యాభై ఏడు కిలోలు! నీళ్లతో నిండితే పదిహేను కిలోలు తూగే బిందె, రూపాయిలతో నిండితే ఓ మనిషంత బరువవుతుంది. ఎత్తితే బిందె అంచు చేతికొస్తుంది, లేదా నడుం పట్టేస్తుంది. అదే సొమ్ము అయిదొందల నోట్లయితే ముప్ఫై కాగితాలు. చొక్కా జేబులో పెట్టుకుని దర్జాగా నడిచి వెళ్లిపోవచ్చు.

గ్లాసుడు నీళ్లతో...

ఈ లెక్క ఎలా వచ్చిందో చూద్దాం. 2011లో వచ్చిన రూపాయి నాణెం వ్యాసం 22 మిల్లీమీటర్లు, మందం 1.45 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు. అది తుప్పు పట్టని ఉక్కు. ఘన సెంటీమీటరు ఉక్కు ఏడున్నర గ్రాములు దాటి తూగుతుంది. అంటే ఒక రూపాయి నాణెం ఆక్రమించే చోటు సుమారు అర ఘన సెంటీమీటరు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే అర మిల్లీలీటరు.

అలాగైతే లీటరులో రెండువేల నాణేలు పట్టాలి కదా అంటారు. పట్టవు. ఎందుకంటే పోసిన నాణేలు ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చోవు. ఒకటి నిలబడుతుంది, ఒకటి వాలుతుంది, ఇంకొకటి రెండింటి మధ్యా వంతెనలా అడ్డం పడుతుంది. వాటి సందుల్లో గాలి. నమ్మకం కుదరకపోతే గాజు గ్లాసు నిండా నాణేలు పోసి, ఆపైన కొలిచిన నీళ్లు అంచుదాకా నింపండి. పట్టిన నీళ్లెన్నో అంత ఖాళీ అన్నమాట. పావు లీటరు గ్లాసయితే కాస్త అటూ ఇటూగా అందులో సగం నీళ్లు పడతాయి. నిండుగా కనిపించిన గ్లాసు నిజానికి సగమే నిండింది!

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే... లీటరుకి వెయ్యి. లీటరు డబ్బాలో రూపాయిలుంటే దాదాపు వెయ్యి రూపాయలు. అవే రెండు రూపాయల బిళ్లలయితే పదహారు వందల దాకా, ఇత్తడి రంగు అయిదు రూపాయలవైతే మూడున్నర వేలు, పది రూపాయలవైతే అయిదు వేల పైచిలుకు. పిల్లల కిడ్డీ బ్యాంకుని పగలగొట్టకుండానే అంచనా వెయ్యొచ్చు.

పేర్చేవాడికే ఎక్కువ

పోయడం మానేసి పేర్చితే? పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న డబ్బా తీసుకుందాం. అంటే సరిగ్గా లీటరు. నాణేల్ని దొంతరలుగా పేరిస్తే ఒక్కో దొంతరలో 68 పడతాయి. వరసకి నాలుగు చొప్పున నాలుగు వరసలు పెడితే 16 దొంతరలు. మొత్తం 1,088 రూపాయలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ఇంకేం పట్టదని.

కానీ పడుతుంది. రెండో వరసని అర నాణెం పక్కకి జరిపి, మొదటి వరసలోని సందుల్లోకి దూర్చండి, తేనెపట్టు గదుల్లాగా. అప్పుడు వరసలు నాలుగు కాదు, అయిదు పడతాయి. ఇరవై దొంతరలు... 1,360 రూపాయలు! డబ్బా అదే, నాణేలూ అవే. జరిపి పెట్టినందుకు 272 రూపాయలు అదనం. ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్లలుంటే ఈ ఆదివారం వాళ్లకీ పని అప్పజెప్పొచ్చు, చిల్లర సర్దినట్టూ ఉంటుంది.

పళ్ల కొట్టులో బత్తాయిల్ని గుట్టగా పేర్చే వ్యాపారి చేసేది కూడా ఇదే. గుండ్రటి వాటిని అంతకంటే కుదురుగా పేర్చడం ఎవరి వల్లా కాదని నాలుగు వందల ఏళ్ల కిందట కెప్లర్‌ అన్నాడు. అలా పేరిస్తే చోటులో 74 శాతం నిండుతుంది. దాన్ని థామస్‌ హేల్స్‌ అనే గణితవేత్త 1998లో గానీ రుజువు చెయ్యలేకపోయాడు. పేర్చకుండా ఊరికే పోసి కుదిపితే గోళీలు 64 శాతం దాకా నింపుతాయి. కాస్త నొక్కినట్టుండే ఎం అండ్‌ ఎం చాక్లెట్‌ బిళ్లలయితే 68 శాతం నిండుతాయని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌ శాస్త్రవేత్తలు 2004లో తేల్చారు. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో చాక్లెట్లు డబ్బాల్లో పోసి కొలిచారా అని నవ్వుకోవచ్చు. కానీ గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఈ సందుల మధ్య ఖాళీ మీదే పేదవాడి రాత్రి కూడు ఆధారపడి ఉండేది.

కుంచం నిండిందా?

నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. డెల్టాలో పాత తరం వాళ్లు ఈ వరస ఎక్కాల్లా అప్పజెబుతారు. ఇప్పటికీ ఎసట్లో బియ్యం పోసేటప్పుడు సోలతోనో గిద్దతోనో కొలిచే ఇళ్లున్నాయి. ఇవన్నీ బరువులు కావు, పాత్రలు. పాత్రలో పట్టినంత అన్నమాట.

కోతల కూలీ, నూర్పుల కూలీ ధాన్యంగా ఇచ్చే రోజుల్లో కొలిచేది కుంచంతోనే. ‘ఇన్ని కుంచాలు’ అని మాట అనుకునేవారు. పేచీ అంకెలో ఉండేది కాదు, కొలవడంలో ఉండేది.

కుంచాన్ని పైకెత్తి పోస్తే గింజలు దిగి కుదురుకుంటాయి. మెల్లగా జారవిడిస్తే వదులుగా నిలుస్తాయి. నింపాక రెండుసార్లు నేలకి తట్టితే ఇంకో గుప్పెడు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం... పైన గోపురంలా పోసి ఇస్తున్నారా, లేక అంచుకి సమంగా కర్రతో తుడిచేసి ఇస్తున్నారా? ‘అయ్యగారూ, ఇంకో దోసెడు పొయ్యండి’ అని కూలీ అంటే, ‘కుంచమంటే కుంచమేరా’ అని ఆసామి అనడం... ఇద్దరూ అబద్ధం ఆడుతున్నట్టు కాదు. ఇద్దరి కుంచాలూ వేరు, అంతే.

ఆ గోపురంలో ఎంత ధాన్యం ఉంటుందో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అయిదు లీటర్లు పట్టే మూడు పాత్రలు ఊహించుకోండి. ఒకటి సన్నగా పొడుగ్గా... వెడల్పు 14 సెంటీమీటర్లు. రెండోది మధ్యస్థంగా 20 సెంటీమీటర్లు. మూడోది పళ్లెంలా వెడల్పుగా 26 సెంటీమీటర్లు. అంచుకి సమంగా తుడిస్తే మూడింటిలోనూ సరిగ్గా అయిదు లీటర్లే. ధాన్యాన్ని కుప్ప పోస్తే వాలు సుమారు ముప్ఫై డిగ్రీలకు తగ్గదు. ఆ వాలుతో గోపురం కడితే, సన్న పాత్ర మీద నిలిచేది రెండు వందల మిల్లీలీటర్ల ధాన్యమే. మధ్యదాని మీద ఆరు వందలు. వెడల్పు దాని మీద? పదమూడు వందల మిల్లీలీటర్లు! ఒకదానిలో నాలుగు శాతం, ఇంకోదానిలో ఇరవై ఆరు శాతం ఎక్కువ. పాత్రలు మూడూ ‘నిజమైన’వే. వెడల్పు కుంచం తీసుకునేవాడిది, పొడుగు కుంచం ఇచ్చేవాడిది. అప్పు ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తిరిగి కొలిపించుకునేటప్పుడు ఇంకో కుంచం బయటికి తీస్తే, వడ్డీ కాగితం మీద కనపడకుండానే పెరిగిపోతుంది.

అందుకే కొలపాత్ర ఎంతదో తేల్చడం పెద్ద వ్యవహారం. ఒకే గింజతో సరిచూస్తే ఆ గింజ సైజుకు తగ్గట్టు తేడా వస్తుంది. దక్షిణాదిలో తొమ్మిది రకాల ధాన్యాలు కలిపి పాత్రలో పోసి సరిచూసే పద్ధతి ఉండేదని బ్రిటిష్‌ కాలపు రాతలు చెబుతున్నాయి. నవధాన్యాలు మనకి పూజలోనే తెలుసు, తూనికలు కొలతల శాఖ పని కూడా చేశాయన్నమాట!

మన లెక్కల మల్లన

ఈ నేలకి లెక్కలు కొత్తకాదు. రాజమహేంద్రవరం రాజధానిగా రాజరాజ నరేంద్రుడు ఏలింది 11వ శతాబ్దంలో. పిఠాపురం దగ్గరి నవఖండవాడని ఆయన నుంచి అగ్రహారంగా పొందిన కుటుంబం పావులూరి వారిది. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని ఆ ఇంటి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అగ్రహారం తీసుకున్న మల్లనా, ఆయన మనవడైన మల్లనా అన్న వాదన పండితులది. లెక్కలు మాత్రం మనవే.

చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్లకి మొత్తం ఎంతవుతుందో చెప్పే పద్యం కూడా మల్లనదేనంటారు. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. కథలో గింజలు పోస్తారు. గింజల బదులు రూపాయి నాణేలు పోస్తే? లీటరుకి వెయ్యి లెక్కన, 18,500 చదరపు కిలోమీటర్ల పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల మొత్తం మీద పరిస్తే దాదాపు కిలోమీటరు ఎత్తున నాణేలు! కొబ్బరిచెట్లు, గుడి గోపురాలు ఏవీ కనపడవు.

తూకం వేస్తే సరిపోదా?

కొలత మోసం చేస్తే తూకం ఉందిగా అనొచ్చు. నిజానికి ఒకప్పుడు నాణెమే తూకపు రాయి. బ్రిటిష్‌ కాలపు వెండి రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. మూడు తులాలు పలం, నూట ఇరవై తులాలు వీశ. తక్కెడలో ఒకవైపు నూట ఇరవై రూపాయిలు పెడితే రెండోవైపు వీశ బెల్లం తూగేది. డబ్బుని లెక్కపెట్టినా ఒకటే, తూచినా ఒకటే.

ఇప్పుడు? అన్నీ 2011 నాటి రూపాయిలే అయితే తూకం భేషుగ్గా పనిచేస్తుంది. కిలోకి 264 నాణేలు. వంద తూచి చూసుకుంటే 379 గ్రాములు. కానీ మన జేబులో రూపాయి ఒక్కటే రకం కాదు. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2019 నుంచి వచ్చింది 20 మిల్లీమీటర్లే. ఇంకా తమాషా ఏమిటంటే, 2011 నాటి రెండు రూపాయల బిళ్ల కూడా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములే. అంటే పాత రూపాయి, కొత్త రెండు రూపాయలు తక్కెడ దృష్టిలో కవలలు. అలాగే 1988 నాటి అర్ధ రూపాయి, 2011 నాటి రూపాయి... రెండూ 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. కలిసిన చిల్లరని తూచి విలువ కడితే సగానికి సగం తప్పొచ్చు. గుడి హుండీలోదైనా, కిరాణా కొట్టు గల్లాపెట్టెలోదైనా చిల్లరని ముందు రకాల వారీగా వేరు చెయ్యక తప్పదు. ఆ పని చెయ్యాల్సింది కళ్లూ వేళ్లే.

గోదారి తల్లికి ఓ రూపాయి

కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే కిటికీల్లోంచి చేతులు బయటికొస్తాయి. 1900లో మొదలై 1997లో రిటైరైన హేవ్‌లాక్‌ వంతెన మీద మొదలైన అలవాటు, రోడ్‌ కమ్‌ రైలు వంతెన మీదా, ఆర్చి వంతెన మీదా కొనసాగుతూనే ఉంది. దండం పెట్టి, రూపాయి విసిరి, అది కమ్మీకి తగిలి ఠంగుమంటే ‘అయ్యో’ అనుకోవడం అందరికీ తెలిసిందే. రాగి నాణేలు వేస్తే నీళ్లు శుభ్రపడతాయనే పెద్దలు అలా పెట్టారని కొందరంటారు. రాగికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉన్నమాట నిజమే. ఇప్పుడు వేస్తున్నది ఇనుము, క్రోమియం కలిసిన స్టీలు. దానికి ఆ గుణం లేదు.

అలా వేసినవన్నీ పోగుపడితే ఎంత? సరదాగా అనుకుందాం... రోజుకి వంద రైళ్లు, రైలుకి వంద నాణేలు. రోజుకి పదివేలు, ఏడాదికి ముప్ఫై ఆరున్నర లక్షలు. బరువు 13.8 టన్నులు. నోరు తెరిచేలోగా ఘనపరిమాణం కూడా వినండి. సుమారు 1,800 లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్లటి ట్యాంకులు రెండు! రెండోది నిండదు కూడా. (లోహం మాత్రమే సుమండీ. మామూలుగా పోస్తే సందుల ఖాళీతో కలిపి ట్యాంకులు నాలుగు కావాలి.)

దీనివల్ల గోదారి మట్టం పెరుగుతుందా అంటే... ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ప్రవాహంలో సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు వెళతాయి. మన ఏడాది నాణేలంత నీరు బ్యారేజీ దాటడానికి పట్టేది సెకనులో దాదాపు పదహారువేల వంతు. 1986 ఆగస్టు వరదలో వచ్చింది అంతకు మూడున్నర రెట్లు. గోదారికి మన రూపాయి తగలను కూడా తగలదు.

తగిలేది రేవులో ఉన్నవాళ్లకి. రాజమహేంద్రవరం రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చేవాళ్లు కనిపిస్తుంటారు. స్టీలు రూపాయి, రెండు రూపాయలు దానికి అతుక్కుని వస్తాయి. రాగి, జింకు, నికెల్‌ కలిసిన పసుపు రంగు అయిదు రూపాయల బిళ్ల అతుక్కోదు. ఎక్కువ విలువైనదే అడుగున ఉండిపోతుంది! దాని కోసం మునగాలి, కాలి వేళ్లతో తడమాలి. రోజంతా ఈడ్చి కిలో నాణేలు పైకి తీస్తే, అన్నీ 2011 రూపాయిలయితే 264 రూపాయలు. రైలు కిటికీ దగ్గర దండం పెట్టినవారికి అది ఒక్క రూపాయే, వీరికి అది తడి చేతుల్లో రోజుకూలీ.

చెరువు పెరుగుతుందా, తగ్గుతుందా?

ఇక చివరి పొడుపు. కోనసీమలో ఓ చెరువు. అందులో చిన్న పడవ. పడవలో ఒక మనిషి, పీచు ఒలవని కొబ్బరికాయలు, పదివేల రూపాయి నాణేల మూట. ముందు ఆ మనిషి కొబ్బరికాయలన్నీ చెరువులో పడేశాడు. నీటిమట్టం పెరిగిందా, తగ్గిందా? తర్వాత నాణేల మూట పడేశాడు. ఇప్పుడు?

పెరుగుతుందనే ఎక్కువమంది అంటారు. నీళ్లలో ఏదన్నా వేస్తే పెరగాలి కదా! కానీ ఆ వస్తువు అప్పటికే పడవ ద్వారా నీళ్ల మీద భారం వేస్తోందని మరిచిపోతారు. తేలే వస్తువు తన బరువంత నీటిని పక్కకి నెడుతుంది. కొబ్బరికాయ పడవలో ఉన్నా తేలుతోంది, చెరువులో పడ్డా తేలుతోంది. కాబట్టి మట్టంలో మార్పు లేదు. నాణేల సంగతి అలా కాదు. పదివేల రూపాయిల బరువు 37.9 కిలోలు. పడవలో ఉన్నప్పుడు దాదాపు 38 లీటర్ల నీటిని నెట్టాయి. అడుగుకి చేరాక నెట్టేది వాటి ఒంటి పరిమాణమంతే... అయిదు లీటర్లు. అంటే 33 లీటర్ల మేర చెరువు తగ్గింది!

ఎకరం చెరువులో ఆ తగ్గుదల మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు. ఇంట్లో చూడాలంటే బకెట్లో నీళ్లు పోసి, ఓ గిన్నెలో వంద రూపాయిలు పెట్టి తేలనివ్వండి. బకెట్‌ గోడ మీద నీటి అంచుకి గీత పెట్టండి. నాణేల్ని ఒక్కొక్కటిగా నీళ్లలో వదిలి, ఖాళీ గిన్నెని మళ్లీ తేలనివ్వండి. నీరు గీతకి అర సెంటీమీటరు కిందికి దిగుతుంది.

ఇప్పుడు అదే చెరువు గట్టు నుంచి కాకుండా, పడవలో కూర్చుని ఒకాయన అయస్కాంతంతో ఆ నాణేల్ని పైకి లాగి పడవలో వేసుకుంటున్నాడనుకోండి. తీసింది చెరువులోంచే. పెరిగేదీ చెరువే.